జొన్న గట్క నుంచి జీవకణం దాకా

మల్దకల్‌లో మా ఇంటి వెనక గుడిసెలో ఉండిన ఒక కూలిమనిషి మీద 1980 దశకంలో నేనొక కథ రాశాను. ఆమెను మా వాడకట్టు పిల్లలమంతా చిన్నమ్మ అనేవాళ్లం. ఆ కథకు ఆయువుపట్టు ఆమె చేతులు. మోచేతికి దిగువగా నల్లగా కమిలి, పగిలి, పొలుసులు లేచిన చేతులు. వాటిని ఎండా, చాకిరీ కలిసి కాల్చిన చేతులుగా చిత్రించాను. సభలో చదివితే చప్పట్లు కొట్టారు. శ్రమ సౌందర్యానికి అది ప్రతీక అని ఒక మిత్రుడు విశ్లేషించాడు. కాదనటానికి నాకు కారణం కనిపించలేదు.

కొన్నేళ్ల తర్వాత మరో సభలో ఆ కథ విన్న ఒక డాక్టరు నన్ను పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు వేశాడు. "రెండు చేతులకూ ఒకే ఎత్తుదాకా, గీత గీసినట్టు మచ్చ ఉండెనా సార్? మెడ చుట్టూ కూడా ఉండెనా? ఆమెకు విరేచనాలు పట్టుకుని, తర్వాత మతి చలించిందా?"

మూడింటికీ అవునన్నాను. కాని కథలో చేతులు మాత్రమే ఉన్నాయి. మెడ చుట్టూ ఉన్న నల్లటి పట్టీని అనవసరమని వదిలేశాను. విరేచనాలు కథకు మర్యాద కాదనుకున్నాను. చివరి నెలల్లో ఆమె ఊరికే ఏడవటం, పిల్లల పేర్లు మరిచిపోవటం, ఇంటివాళ్లు గాలి సోకిందని తిమ్మప్ప గుడికి తీసుకుపోయి మొక్కుకోవటం - ఇవన్నీ శ్రామిక స్త్రీ పాత్ర ఔన్నత్యానికి అడ్డు వస్తాయని కొట్టేశాను. అంతా విని ఆయన అన్నాడు: "మీరు వదిలేసినవన్నీ ఒక్కచోట పెడితే ఒక రోగం పేరు వస్తుంది సార్. పెల్లాగ్రా."

ఎండ ఒక్కటే అలాంటి చేతులను తయారు చెయ్యదు. ఆమె పక్కన అదే పొలంలో, అదే ఎండలో కలుపు తీసిన పటేలు బంధువు చేతులు అలా లేవు. ఆ తేడా ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివిన విషయాలను సాటి రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు పెట్టటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెల్లాగ్రా అన్న పేరు ఇటలీ నుంచి వచ్చింది. గరుకు చర్మం అని అర్థం. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కాసాల్ అనే వైద్యుడు అస్టూరియాస్ ప్రాంతపు బీదరైతుల్లో ఈ రోగాన్ని గుర్తించి వర్ణించాడు. మెడ చుట్టూ హారంలా వచ్చే మచ్చను వైద్యులు నేటికీ కాసాల్ హారం అనే పిలుస్తారు. 1771లో మిలన్ వైద్యుడు ఫ్రాపోలి దానికి ఇప్పటి పేరు వాడాడు. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్న బీదల ఏకైక ఆహారంగా మారిన చోటల్లా ఈ రోగం వెంటే నడిచింది. ముందు చర్మం, తర్వాత పేగులు, ఆపైన మెదడు, చివరకు చావు. ఇదీ దాని వరస.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది వేలమందిని చంపింది. అది అంటురోగమన్నది అప్పుడు బలంగా ఉన్న వాదం. ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914లో దర్యాప్తుకు దిగినప్పుడు ఒక చిన్న సంగతి ఆయన కంటపడింది. అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో రోగులకు పెల్లాగ్రా వస్తున్నది, వాళ్లతో కలిసిమెలిసి ఉండే ఉద్యోగులకు రావటం లేదు. క్రిమి అయితే హోదా చూసి సోకదు కదా! 1915లో మిసిసిపీలోని ఒక జైలు వ్యవసాయ క్షేత్రంలో, శిక్ష రద్దు చేస్తామన్న హామీ మీద ఒప్పుకున్న ఖైదీలకు బీదల తిండి మాత్రమే పెట్టాడు. కొన్ని నెలల్లో వారిలో కొందరికి పెల్లాగ్రా వచ్చింది. 1916లో తాను, తన భార్య, సహచరులు రోగుల రక్తాన్ని, విసర్జనలను తమ శరీరాల్లోకి ఎక్కించుకున్నారు. ఒక్కరికీ రోగం రాలేదు. ఆ తర్వాత ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థిక శాస్త్రవేత్తతో కలిసి దక్షిణ కరోలినా నూలుమిల్లుల గ్రామాల్లో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీశాడు. ఆదాయం తగ్గుతున్నకొద్దీ పెల్లాగ్రా పెరుగుతున్నది. ఒక వైద్యుడూ, ఒక ఆర్థిక శాస్త్రవేత్తా పక్కపక్కన కూర్చుని రాసిన ఆ పట్టికలను సాహిత్యకారులు కూడా చదవాలంటాను.

అయితే తిండిలో లోపించినదేమిటి? గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించేనాటికి అది తేలలేదు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వేజెం, కుక్కలకు వచ్చే 'నల్లనాలుక' రోగాన్ని నికోటినిక్ ఆమ్లం నయం చేస్తుందని చూపించాడు. కుక్కల్లో నల్లనాలుక, మనుషుల్లో పెల్లాగ్రా ఒకే లోపపు రెండు రూపాలు. ఆ పదార్థాన్నే ఇవాళ నయాసిన్ అంటున్నాం. బి విటమిన్లలో ఒకటి.

ఇక కణంలోకి వెళదాం. మనం తిన్న గంజీ, రొట్టే నేరుగా శక్తిగా మారవు. కణంలో అవి మెట్టు మెట్టుగా విడిపోతాయి. విడిపోయేటప్పుడు బయటపడే హైడ్రోజన్‌ను, దానితో ఎలక్ట్రాన్లను మోసుకుపోవటానికి ఒక కూలీ కావాలి. ఆ కూలీ పేరు ఎన్.ఎ.డి. అది తయారు కావటానికి నయాసిన్ కావాలి. ఎన్.ఎ.డి. తన బరువును మైటోకాండ్రియా అనే కణభాగం దగ్గర దింపుతుంది. అక్కడ ఎ.టి.పి. తయారవుతుంది. ఈ ఎ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బరువు దింపిన ఎన్.ఎ.డి. ఖాళీ చేతులతో మళ్లీ మొదటికి వస్తుంది. ఈ రాకపోకలు క్షణం కూడా ఆగవు. నయాసిన్ లేకపోతే కూలీల సంఖ్య తగ్గిపోతుంది. పొయ్యి మీద ఎసరున్నా పొయ్యిలోకి కట్టెలందించే మనిషి ఉండడు.

నష్టం ముందుగా ఎక్కడ కనబడుతుంది? ఎడతెగకుండా కొత్త కణాలు పుట్టవలసిన చోట. పేగుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి మారుతుంది. చర్మం కొన్ని వారాలకొకసారి మారుతుంది. మెదడు కణాలు అలా మారవు, కాని వాటికి ఎడతెగని శక్తి కావాలి. చర్మం, పేగులు, మెదడు అన్న వరస వెనక ఉన్న తర్కం ఇదే.

మరి ఎండ తగిలిన చోటే మచ్చ ఎందుకు? దీనికి ఎన్.ఎ.డి. చేసే రెండో పనిలో ఒక ముఖ్యమైన వివరణ దొరుకుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డి.ఎన్.ఎ.ను తెంపుతుంటాయి. తెగినచోటును గుర్తుపట్టి మరమ్మతుకు కబురు పంపే ఎంజైములు కణంలో ఉన్నాయి. అవి ఎన్.ఎ.డి.ని ఖర్చుపెట్టే ఆ పని చేస్తాయి. ఎన్.ఎ.డి. నిలవ లేని కణం ఎండదెబ్బ నుంచి కోలుకోలేదు. ఈ సంబంధానికి మరో వైపు నుంచి బలం చేకూరింది. 2015లో ఆస్ట్రేలియాలో, అంతకు ముందు చర్మ కాన్సర్లు వచ్చిన 386 మందిపై జరిగిన పరీక్షలో, నికోటినమైడ్ అనే నయాసిన్ రూపాన్ని తీసుకున్నవారిలో కొత్తగా వచ్చే చర్మ కాన్సర్లు, మెలనోమా కాని రకాలు, 23 శాతం తగ్గాయి. చిన్నమ్మ చేతుల్ని కాల్చింది ఎండే. కాని ఆ ఎండను తట్టుకునే సాధనాన్ని ఆమె కణాల నుంచి ముందే లాగేసుకున్నది ఎండ కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇదంతా మొక్కజొన్న కథ. మొక్కజొన్నలో ఉన్న నయాసిన్ శరీరానికి అందని రూపంలో బిగుసుకుని ఉంటుంది. మెక్సికో మూలవాసులు మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి ఆ బిగువును వదిలించేవారు. యూరపు వాళ్లు గింజను తెచ్చుకున్నారు, ఆ వంటను తెచ్చుకోలేదు. ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం నుంచి శరీరం కొంత నయాసిన్‌ను సొంతంగా తయారు చేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ పెడితే 1 మిల్లీగ్రాము నయాసిన్ వస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ కూడా తక్కువే. కాని మా నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య, ఆ రోజుల్లో తిన్నది మొక్కజొన్న కాదు. జొన్న గట్క, జొన్న రొట్టె, జొన్న అంబలి. జొన్నలో నయాసిన్ తెల్లబియ్యంలో కంటే తక్కువేమీ కాదు. మరి బియ్యం తినేవాళ్లలో పెల్లాగ్రా అరుదై, దక్కను పీఠభూమి జొన్నకూటి బీదల్లో ఎందుకు కనబడింది?

ఈ ప్రశ్నను పట్టుకున్నది హైదరాబాదే. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పిలవబడుతూ తార్నాకలో ఉన్నది. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యలు 1960లో లాన్సెట్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే అమినో ఆమ్లం మోతాదు మించి ఉంది. తక్కువైనదాని కోసం వెతుకుతున్న ప్రపంచానికి వాళ్లు ఎక్కువైనదాన్ని చూపించారు. ఒకటి పెచ్చుపెరిగితే మరొకటి పనిచెయ్యలేదు. ఈ అసమతౌల్యమే రోగానికి మూలం కావచ్చునన్నారు. జొన్న తిండి మీద పెంచిన కుక్కలకు నల్లనాలుక వచ్చింది. ట్రిప్టోఫాన్ నుంచి ఎన్.ఎ.డి. తయారయ్యే దారిలో ఉన్న ఎంజైముల మీద ల్యూసిన్ ప్రభావం ఉందని అదే సంస్థవారు ఎలుకల మీద చూపించారు. ఐసోల్యూసిన్ అనే మరో అమినో ఆమ్లం దానికి విరుగుడుగా పనిచేస్తున్నదని కూడా చెప్పారు.

ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఇతర దేశాల ప్రయోగశాలల్లో కొన్నిచోట్ల ఆ ఫలితాలు తిరిగి రాలేదు. బి6 విటమిన్ లోపం పాత్ర కూడా చర్చకు వచ్చింది. ల్యూసిన్ ఒక్కటే కారణమని నేడు చెప్పలేం. కాని ఆ పరిశోధకులు చేసిన పని విలువ దీనివల్ల తగ్గదు. ఉస్మానియా ఆసుపత్రి మంచాల మీది బీదల రోగాన్ని, పడమటి పుస్తకంలో రాసి ఉన్నదానితో సరిపెట్టుకోకుండా, ఇక్కడి గింజను ఇక్కడే విప్పి చూశారు.

ఇప్పుడు మళ్లీ మల్దకల్‌కు వస్తాను. జొన్న తిన్నవాళ్లందరికీ పెల్లాగ్రా రాలేదు. పటేలు ఇంట్లోనూ జొన్నరొట్టే. కాని ఆ రొట్టె పక్కన పప్పు, పెరుగు, అప్పుడప్పుడు మాంసం ఉండేవి. చిన్నమ్మ గట్క పక్కన పచ్చిపులుసు, కారం. మాంసకృత్తులు కాస్త అందితే జొన్నలోని అసమతౌల్యం ఎవరినీ ఏమీ చెయ్యదు. అన్నిటికంటే నన్ను కలచివేసే సంగతి ఇంకొకటి ఉంది. ఆమె కూలికి పోయి ఏరినవి పల్లికాయలు. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నయాసిన్ ఉంటుంది. పెద్దమనిషికి రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు. ఆమె రోగానికి మందు ఆమె చేతుల మీదుగానే బస్తాల్లోకి ఎక్కి గద్వాల మార్కెట్టుకు, అక్కడి నుంచి నూనెమిల్లుకు పోయింది. ఆ చేతులే నల్లబడ్డాయి. నా కథకు కావలసిన అసలు వస్తువు ఇది. కళ్లముందే ఉన్నా నేను దాన్ని చూడలేదు.

కాలం మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్నకూడు క్రమంగా పక్కకు జరిగింది. పెల్లాగ్రా ఇప్పుడు అరుదు. తాగుడుకు బానిసై తిండి మానేసినవారిలో, క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్ర మింగే బలహీనుల్లో అక్కడక్కడ కనబడుతుంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మా ఊరు 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. చుట్టూ విత్తనపత్తి చేలు. జొన్న మాత్రం పట్నం దుకాణాల్లో ఆరోగ్యాహారంగా అందమైన సంచుల్లో అమ్ముడుపోతున్నది. దానిలో తప్పు లేదు. పప్పూ, పాలూ, కూరా ఉన్న పళ్లెంలో జొన్న మంచి ధాన్యమే. దోషం గింజది కాదు, గింజ తప్ప మరేమీ లేని పళ్లానిది. ఇక ఎన్.ఎ.డి.ని పెంచుతాయన్న మాత్రలు ముసలితనాన్ని వాయిదా వేస్తాయనే ఆశతో ధనిక దేశాల్లో ఖరీదుకు అమ్ముడుపోతున్నాయి. చిన్నమ్మకు పిడికెడు పల్లీల్లో దొరకవలసిన అణువు అదే.

ఇందులో రచయితలకు ఏముంది అని అడగవచ్చు. మనలో రెండు రకాల యాంత్రికత ఉంది. రోగం కణంలో ఉంది కాబట్టి అది వైద్యుడి గొడవ, సాహిత్యానికి సంబంధం లేదనేది ఒకటి. రోగమంతా దోపిడీ ఫలితమే కాబట్టి కణం గురించి తెలుసుకోనక్కరలేదనేది రెండోది. నేను రెండో తప్పు చేశాను. పేదరికం అనే పెద్దమాట చేతిలో ఉంది కదా అని, ఆ పేదరికం ఏ దారిన వచ్చి ఒక మనిషి చర్మాన్ని, పేగును, మెదడును పట్టుకున్నదో చూడలేదు. కౌలు, కూలి, పంట అమ్మకం, పళ్లెం, ఎంజైము, చర్మం - ఇవన్నీ ఒకే గొలుసు. ఏ లంకెను తీసేసినా మిగిలినది నినాదమో, పాఠ్యపుస్తకమో అవుతుంది, జీవితం కాదు.

నేను ప్రతీకగా చూసిన ఆ చేతులు సాక్ష్యం. సాక్ష్యాన్ని అందంగా మార్చే హక్కు రచయితకు లేదు. ఆ కథను మళ్లీ రాస్తున్నాను. ఈసారి మెడ చుట్టూ పట్టీ ఉంటుంది, విరేచనాలుంటాయి, పిల్లల పేర్లు మరిచిపోయిన తల్లి ఉంటుంది. పల్లికాయ బస్తాలు కూడా ఉంటాయి. చప్పట్లు తగ్గవచ్చు. కాని ఆ డాక్టరు మళ్లీ వింటే అడగటానికి ప్రశ్న మిగలకూడదు.