డోలు దెబ్బ, ప్యాడ్ అంకె: జానపద చర్మవాద్యాలకు మిడి ఎడిటర్ వినియోగం

సారాంశం:
జానపద గాన సభల్లో, రికార్డింగుల్లో డోలు, డప్పుల పక్కన ఎలక్ట్రానిక్ ప్యాడ్ చేరింది. ప్యాడ్‌ను తాకినప్పుడు ఏ సంకేతం వెలువడాలో నిర్ణయించేది ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చర్మవాద్యాలను దృష్టిలో ఉంచుకొని ఎడిటర్ పనితీరును వివరించడం ఈ వ్యాస లక్ష్యం. ఎడిటర్‌లో చేసే ఎంపికలే వాద్యకారుని స్థానాన్ని నిర్ణయిస్తాయని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఒగ్గుడోలు, డప్పు, డోలి, మిడి, ప్యాడ్ కంట్రోలర్, ఎడిటర్.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలు వాద్య సంపదకు నిలయాలు. ఒగ్గుకథకు విశేష ఖ్యాతి తెచ్చిన చుక్క సత్తయ్య (1935–2017) జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందినవారు. మహబూబాబాద్ తండాల్లో లంబాడీల నగారా, అటవీ ప్రాంతాల్లో కోయల డోలి, ఊరూరా డప్పు వినిపిస్తాయి. ఈ ధ్వనులు ప్యాడ్‌లోకి చేరే క్రమంలో ఏవి నిలుస్తాయి, ఏవి జారిపోతాయి అన్నది జానపద పరిశోధకులు గమనించవలసిన అంశం.

2. మిడి - ధ్వని కాదు, సంకేతం:
మిడి 1983లో వెలువడిన ప్రమాణం. ప్యాడ్ కంట్రోలర్ స్వయంగా ధ్వనించదు. తాకినప్పుడు ప్రధానంగా మూడు విషయాలను తెలియజేస్తుంది: 16 ఛానెళ్లలో ఏది, 0 నుండి 127 వరకు గల స్వరసంఖ్యల్లో ఏది, దెబ్బ బలం ఎంత. ఆ సంకేతాన్ని అందుకొని, ముందుగా రికార్డు చేసిన ధ్వనిని వినిపించేది కంప్యూటర్‌లోని శాంప్లర్.

1991 నాటి జనరల్ మిడి ప్రమాణం పదవ ఛానెల్‌లో 35 నుండి 81 వరకు 47 తాళవాద్య ధ్వనులను నిర్దేశించింది. 36 బేస్ డ్రమ్, 38 స్నేర్. బోంగో, కాంగా వంటి లాటిన్ అమెరికా వాద్యాలకు అందులో చోటు దక్కింది. డప్పు, డోలు, తబలా వేటికీ దక్కలేదు. కనుక మన వాద్యాలకు అంకెలను మనమే కేటాయించుకోవాలి.

3. ఎడిటర్ పనితీరు:
పరికరాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి ఎడిటర్‌ను తెరిస్తే, ప్యాడ్ల అమరిక తెరపై కనిపిస్తుంది. ఉదాహరణకు అకాయ్ ఎంపీడీ 218లో 16 ప్యాడ్లు, మూడు బ్యాంకులు ఉంటాయి. అంటే మొత్తం 48 సంకేతాలు. ఒక్కొక్క ప్యాడ్‌కు స్వరసంఖ్యను, ఛానెల్‌ను, స్పందించే తీరును ఎంచుకొని, ఆ అమరికను పరికరానికి పంపాలి. పంపిన అమరిక పాతదాని స్థానంలో చేరుతుంది. కాబట్టి పాతదాన్ని ముందే కంప్యూటర్‌లో దాచుకోవడం అవసరం. శాంప్లర్‌లో కూడా అదే అంకెకు అదే ధ్వనిని జతచేయాలి. లేకపోతే డోలు కోసం తాకిన చోట మరో వాద్యం పలుకుతుంది, లేదా ఏదీ పలకదు.

4. వాద్యం నుండి అంకెకు:
ఒగ్గుడోలుకు రెండు ముఖాలు. ఒకదాన్ని కర్రతో, రెండవదాన్ని చేతితో వాయిస్తారు. అందువల్ల ప్యాడ్లలో ఒక వైపు రెండు నిలువు వరుసలను కర్ర ముఖానికి, మరో వైపు రెండింటిని చేతి ముఖానికి కేటాయిస్తే కళాకారుని చేతుల అలవాటు చెడదు. ఒకే ముఖంపై మోగే దెబ్బను, అరచేతితో అణచిన దెబ్బను వేరు వేరు అంకెలుగా గుర్తించాలి. అణచిన దెబ్బ పడగానే మోగుతున్నది ఆగేలా శాంప్లర్‌లో రెండింటినీ ఒకే నిరోధక సమూహంలో చేర్చాలి.

డప్పులో సిర్ర, చిటికెన పుల్ల వేరు వేరు నాదాలనిస్తాయి. వీటికి రెండు ప్యాడ్లు కనీస అవసరం. మంటకు కాచినప్పుడు డప్పు నాదం పెరుగుతుంది. ప్రదర్శన సాగేకొద్దీ తగ్గుతుంది. ఈ మార్పు ఒక్క రికార్డింగులో ఇమడదు. అందుకే కాచిన వెంటనే ఒకసారి, కొంతసేపు వాయించాక మరొకసారి రికార్డు చేసి, రెండు బ్యాంకులలో ఉంచడం మేలు.

5. దెబ్బా? వరసా?
డప్పు కళాకారుల వాడుకలో ‘దెబ్బ’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఒక్క తాకిడి. రెండవది, ‘మాదిగ దెబ్బ’, ‘గుండం దెబ్బ’ వంటి పూర్తి లయ వరస. ఎడిటర్‌లో ఈ అర్థభేదమే కీలకమవుతుంది. తాకినంతసేపే పనిచేసే పద్ధతిలో ప్యాడ్‌కు ఒక తాకిడినే కేటాయిస్తే, వరసను కూర్చవలసినవాడు వాద్యకారుడే. ఒకసారి తాకితే మొదలై, మళ్ళీ తాకితే ఆగే పద్ధతిలో పూర్తి వరసను అప్పగిస్తే, అది తెలియనివారు కూడా దాన్ని మోగించగలరు. అప్పుడు కథకుని మాటను బట్టి వేగం పెంచడం, విరామమివ్వడం వంటి సంవాదం లోపిస్తుంది. ఒగ్గుకథలో డోలు కథనానికి బదులు పలుకుతుంది. వరసను యంత్రానికి వదిలితే బదులు పలికేవాడే ఉండడు.

బలం విషయంలోనూ ఇంతే. ప్రతి దెబ్బా గరిష్ఠ బలంతో వెలువడేలా అమర్చితే ధ్వని స్పష్టంగా వినిపిస్తుంది గాని, మెల్లని దెబ్బకు, గట్టి దెబ్బకు తేడా పోతుంది.

6. ముగింపు:
ఎడిటర్ దాచే ఫైలులో ప్రధానంగా ఉండేవి అంకెలు, అమరికలు. 41వ అంకె డోలులో ఏ దెబ్బో చెప్పే పట్టిక లేకుంటే ఆ ఫైలు తరువాతి పరిశోధకునికి ఉపకరించదు. కళాకారులు వాడే మాటల్లోనే దెబ్బల పేర్లు, వాటి అంకెలు, రికార్డింగు జరిగిన ఊరు, తేదీ, అనుమతితో కళాకారుని పేరు ఒకేచోట నమోదు కావాలి. ఆ పట్టికను తయారుచేయడం క్షేత్ర పర్యటన చేసే తెలుగు పరిశోధకుల పని. తాకిడిని ప్యాడ్‌కు, వరసను మనిషికి వదిలిన అమరికలోనే ఈ వాద్యాలు నేర్చుకోదగిన విద్యలుగా మిగులుతాయి.