ఆల్ప్స్ లోయలలో సైకిలు దారులు

మనలో పెక్కుమందిమి సైకిలుతో పెరిగినవారమే. బడికిని, అంగడికిని, పొలమునకును అదియే మన వాహనము. అట్టి సైకిలుపై మంచుకొండల కనుమలను దాటవచ్చునని వినినప్పుడు మొదట నమ్మబుద్ధి కాదు. కాని ఐరోపా ఖండమందలి ఆల్ప్స్ పర్వతములలో ఏటేట వేలాదిమంది ఆ పని చేయుచున్నారు. వారందరును పేరుగాంచిన క్రీడాకారులు కారు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడ అందున్నారు. కేవలము కండబలముచేతనే ఇది సాధ్యమగునా? కాదని మా అభిప్రాయము. దారిని ముందుగా చదివి, తన శక్తిని దానికి తగినట్లు పంచుకొనుటయే ఇందలి రహస్యము. ఆ విషయమునే విద్యార్థి మిత్రులకు వివరింపదలచినాము.

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగమున రెండు లోయలు కలవు. దక్షిణమున రొమాంష్ నది ప్రవహించు వాజాన్ సీమ, ఉత్తరమున ఆర్క్ నది ప్రవహించు మోరియెన్ లోయ. వీని నడుమ ఉన్నత పర్వతములు అడ్డుగా నిలిచియున్నవి. పడమటి వైపున గ్లాండన్ (1,924 మీటర్లు), క్రువా ద ఫెర్ (2,067 మీటర్లు) అను కనుమలును, తూర్పు వైపున గాలిబియే (2,642 మీటర్లు) అను కనుమయు ఈ రెండు లోయలను కలుపుచున్నవి. ఫ్రెంచివారు 'కోల్' అనుదానినే మనము కనుమ అందుము. ఉర్దూలో దర్రా అందురు. ఒక కనుమనుండి వెళ్లి మరొక కనుమనుండి మరలి వచ్చినచో చుట్టుదారి పూర్తియగును. ఈ చుట్టుదారి సైకిలు ప్రియులకు పుణ్యక్షేత్రము వంటిది.

దారిని చదువుట యనగా మొదట వాలును తెలిసికొనుట. నూరు మీటర్లు ముందునకు పోవుటలో ఎనిమిది మీటర్లు పైకి లేచినచో ఆ వాలు 8 శాతము. కాలినడకకు ఇది స్వల్పముగ తోచును. సైకిలు త్రొక్కువానికి కాదు. ఆల్ప్ ద్యుయెజ్ అను దారినే ఉదాహరణముగ తీసికొందము. వాజాన్ సీమలోని బూర్ ద్వాజాన్ పట్టణము చెంత మొదలగు ఈ దారి పొడవు 13.8 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,100 మీటర్లు. ఇందు 21 మలుపులు కలవు. క్రింది మలుపునకు 21, పైదానికి 1 అని అంకెలు వేసి, ఇచ్చట గెలిచినవారి పేర్లు ఫలకములపై వ్రాసినారు. టూర్ ద ఫ్రాన్స్ పందెము మొదటిసారి ఇచ్చటికి వచ్చిన 1952లో ఇటలీ దేశీయుడు ఫౌస్టో కోప్పీ విజేత. మన అరకు దారిలోవలె ఇచ్చటను మలుపులు కొండవాలును విరిచి, నిటారుతనమును తగ్గించుచున్నవి.

మనిషి, సైకిలు కలిసి 80 కిలోగ్రాములు తూగుదురనుకొందము. ఆ బరువును 1,100 మీటర్లు పైకెత్తుటకు భౌతికశాస్త్ర సూత్రము ప్రకారము సుమారు 8,60,000 జౌళ్ల పని కావలెను. ఒక గంటలో ఎక్కదలచినచో, గాలిని రాపిడిని లెక్కింపకయే, 240 వాట్ల శక్తి నిరంతరముగా చూపవలెను. రెండు గంటలు తీసికొన్నచో 120 వాట్లు చాలును. చేయవలసిన పని మారదు. కాలము మారినచో భారము సగమగును. మొదటి రెండు కిలోమీటర్లే మిక్కిలి నిటారైనవి గనుక, ఉత్సాహముతో వేగముగ బయలుదేరినవాడు నాలుగైదు మలుపులకే అలసిపోవును. నెమ్మదిగా మొదలుపెట్టినవాడు శిఖరము చేరును.

దీనికి యంత్రమును తోడ్పడవలెను. త్రొక్కుడుచక్రమునకు 44 పళ్లు, వెనుకచక్రమునకు 18 పళ్లు గల సాధారణ సైకిలు ఒక్క త్రొక్కుడు చుట్టునకు 5 మీటర్లకు పైగా పోవును. కొండదారికి ఇది మిక్కిలి ఎక్కువ. అందుచేత ఆ దారుల సైకిళ్లలో ముందు 34, వెనుక 34 పళ్లు కూడునట్లు గేర్లు అమర్చెదరు. అప్పుడు ఒక చుట్టునకు సుమారు 2 మీటర్లే జరుగును, కాలిపై భారము తగ్గును. టూర్ పందెమును 1903లో స్థాపించిన హెన్రీ దెగ్రాంజ్ ఇట్టి గేర్లను చాలకాలము అంగీకరింపలేదు. 1937లో మాత్రమే అనుమతి లభించినది. అంతకు పూర్వము పోటీదారులు కొండ క్రింద దిగి, వెనుకచక్రమును ఊడదీసి త్రిప్పి బిగించుకొనవలసి వచ్చెడిది. 1911లో గాలిబియేను మొదటిసారి ఎక్కినవారు అట్టి సైకిళ్లపైననే ఎక్కిరి. ఆనాడు శిఖరమును మొదట దాటినవాడు ఎమీల్ జార్జె. దెగ్రాంజ్ స్మారకము నేడు ఆ కనుమకు దక్షిణపు వైపున నిలిచియున్నది.

గాలిబియేను ఉత్తరమునుండి ఎక్కువారు ఆర్క్ నది యొడ్డున గల సాఁ మిషెల్ పట్టణము వద్ద బయలుదేరుదురు. సుమారు 12 కిలోమీటర్లు ఎక్కినపిమ్మట టెలిగ్రాఫ్ కనుమ (1,566 మీటర్లు) వచ్చును. అచ్చటితో పని ముగిసినదనుకొన్నవాడు మోసపోవును. దారి దాదాపు 160 మీటర్లు క్రిందికి దిగి వాలువార్ గ్రామము చేరి, అచ్చటినుండి సుమారు 18 కిలోమీటర్లు మరల పైకి లేచును. కష్టపడి సంపాదించిన ఎత్తును కొంత వదలుకొని తిరిగి సంపాదింపవలెను. చివరి భాగమే మరింత నిటారు. అచ్చట గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉండుదానిలో నాలుగింట మూడు వంతులకంటె తక్కువ. వాలువార్‌లో ఆగి, తిని, నీరు నింపుకొనుట విశ్రాంతి కాదు, అవసరము.

1982 నుండి జరుగుచున్న మార్మోట్ అను సామాన్యుల యాత్ర ఈ చుట్టుదారిలో ప్రసిద్ధమైనది. గ్లాండన్, టెలిగ్రాఫ్, గాలిబియేలను దాటి ఆల్ప్ ద్యుయెజ్‌పై ముగియు ఆ దారి సుమారు 174 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు మొత్తము 5,000 మీటర్లు. మన శరీరము ఆహారశక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలదు. కావున ఆ ఎత్తు ఎక్కుటకే 3,700 కిలోకాలరీలకు పైగా వ్యయమగును. ఆకలి వేసినపిమ్మట తినువాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు.

ఇక చలి సంగతి. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణము ఆరు డిగ్రీలకు పైగా తగ్గును. లోయలో ఎండ కాయుచుండగా శిఖరమున మంచు కురియవచ్చును. 1996 జులైలో ఇజెరాన్, గాలిబియే కనుమలపై మంచు, పెనుగాలి కారణముగా టూర్ పందెపు ఒక దినపు దారిని 46 కిలోమీటర్లకు కుదించిరి. 1998 జులై 27న గాలిబియేపై చలివానలో మార్కో పంటానీ ముందునకు దూకి, దిగుటకు ముందు ఆగి కోటు తొడుగుకొనెను. పసుపు చొక్కా ధరించియున్న యాన్ ఉల్‌రిక్ చలికి, ఆకలికి నీరసించి ఆ దినమున దాదాపు 9 నిమిషములు కోల్పోయెను. ఆ యేటి పందెము నిషిద్ధ ఔషధముల వ్యవహారముచే మచ్చపడినదే. అయినను కోటు తొడుగుకొనుటకు వెచ్చించిన క్షణములు వృథా కావని అది తెలుపుచున్నది.

ఎక్కుటకంటె దిగుటలోనే అపాయము హెచ్చు. ఎక్కునప్పుడు తప్పుచేసినవాడు ఆగిపోవును; దిగునప్పుడు తప్పుచేసినవాడు పడిపోవును. చెమటతో తడిసిన శరీరము గాలికి వణకును, వ్రేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు తప్పును. మలుపులోనికి వచ్చిన తరువాత గాక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. మార్మోట్ నిర్వాహకులు గ్లాండన్ దిగుడుదారి కాలమును లెక్కలోనికి తీసికొనకుండ ఏర్పాటు చేసినారు. త్వరపడి దిగినందువలన లాభము లేదన్నప్పుడు త్వరపడువారుండరు. ఇది మిక్కిలి తెలివైన నియమమని మేము భావించుచున్నాము.

చివరగా ఒక సంగతి. ఈ దారులు సైకిలు పందెములకై పుట్టినవి కావు. లోయ ప్రజల బ్రతుకుతెరువునకై పుట్టినవి. 2015 ఏప్రిల్‌లో రొమాంష్ లోయలో షాంబన్ జలాశయము ప్రక్కనున్న సొరంగము కొండ కదలుటచే మూతబడెను. పైలోయ గ్రామస్థులకు గ్రెనోబుల్ నగరమునకు పోవు రహదారి తెగిపోయినది. ఆ జులైలో గాలిబియేను దాటవలసిన టూర్ పందెము దారి మార్చుకొని క్రువా ద ఫెర్ మీదుగా ఆల్ప్ ద్యుయెజ్ చేరెను. పందెమునకు దారి మార్చుకొన్నచో సరిపోయెను. గ్రామస్థులకు మాత్రము క్రొత్త సొరంగము త్రవ్వవలసి వచ్చెను.

ప్రపంచ ప్రసిద్ధమైన పందెమే కొండ వలదన్నప్పుడు మరలినది. అట్టిచో మేఘము క్రమ్మినప్పుడు, శక్తి చాలనప్పుడు వెనుదిరుగుట సామాన్యునికి అవమానమెట్లగును? కనుమ అచ్చటనే యుండును, మరల పోవచ్చును. దారి పొడవు, వాలు, వాతావరణము, తన బలము ఈ నాలుగింటిని లెక్కించుకొని బయలుదేరుటయే మొదటి మలుపునకు ముందు నేర్వవలసిన పాఠము. ఆ లెక్కకు మంచుకొండలే అక్కరలేదు. మన ఊరి చివరనున్న చిన్న గుట్ట యెక్కుటతోనే అభ్యాసము మొదలుపెట్టవచ్చును.