కరిగే మంచులో కొత్త ఓడదారి

హైదరాబాద్‌లోని హుస్సేనీ ఆలంలో పిల్లలకు భూగోళం చెప్పేటప్పుడు గ్లోబును వంచి ఉత్తర ధ్రువం పైనుంచి చూపిస్తాను. అప్పుడు ఆసియా, యూరప్ ఎంత దగ్గరో తెలుస్తుంది. జపాన్‌లోని యోకోహామా నుంచి యూరప్‌లోని రోటర్‌డామ్‌కు సూయజ్ కాలువ మీదుగా దాదాపు 20,000 కిలోమీటర్లు. రష్యా ఉత్తర తీరం వెంట వెళితే సుమారు 13,000.

ఆ దారికి అడ్డుగా ఉండే ఆర్కిటిక్ సముద్రపు మంచును ఉపగ్రహాలు 1979 నుంచి కొలుస్తున్నాయి. 2012 సెప్టెంబరులో అది 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది. వేసవి చివర్లో ఓడలకు దారి దొరుకుతోంది. అయినా తేలే మంచుగడ్డలు, పొగమంచు తప్పవు. చాలాసార్లు మంచును చీల్చే ఐస్‌బ్రేకర్ ఓడ ముందు నడవాలి. ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడలకు భద్రతా నియమావళి అయిన పోలార్ కోడ్ 2017లో అమల్లోకి వచ్చింది అందుకే.

"మనకేంటి సార్?" అని అడుగుతారు పిల్లలు. చెన్నై నుంచి రష్యాలోని వ్లాదివస్తోక్‌కు ఓడదారి ఉంది. ఆర్కిటిక్ మార్గానికి తూర్పు వాకిలి అటువైపే. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మన దేశ పరిశోధన కేంద్రం 'హిమాద్రి' ఉంది.

ఓడల మసి మంచు మీద పడితే ఆ మంచు ఎండను ఎక్కువగా పీల్చుకుని ఇంకా త్వరగా కరుగుతుంది. ఎక్కువ మసి వదిలే ఓడల ఇంధనం హెవీ ఫ్యూయల్ ఆయిల్‌పై ఆర్కిటిక్‌లో 2024 జులైలో నిషేధం వచ్చినా, కొన్ని ఓడలకు 2029 దాకా మినహాయింపులున్నాయి. ఆ మినహాయింపులు రద్దు కావాలి. మంచును బలిపెట్టి మిగుల్చుకునే దూరం లాభం కాదు.