మలద్వారం లేని శిశువు.. తొలి 24 గంటలే కీలకం

కాన్పు సుఖంగా జరిగింది. బిడ్డ ఏడ్చింది, పాలు తాగింది. మరునాటికి పొట్ట ఉబ్బి, ఆకుపచ్చని వాంతులు మొదలయ్యాయి. విరేచనం కాలేదని పెద్దలు ఆముదం పట్టారు. తీరా చూస్తే మలద్వారమే లేదు. పల్లెల నుంచి ఇలాంటి శిశువులు రెండో రోజో, మూడో రోజో ఆసుపత్రికి చేరడం పిల్లల శస్త్రచికిత్స నిపుణులకు కొత్త కాదు. పుట్టిన వెంటనే ఒక్కసారి పరిశీలించి ఉంటే తెలిసిపోయే లోపమిది.

సుమారు 5 వేల జననాల్లో ఒకరికి ఈ లోపం ఏర్పడుతుంది. గర్భం దాల్చిన తొలి రెండు నెలల్లోనే పిండంలో పురీషనాళం, మూత్రమార్గం విడివడాలి. ఆ ప్రక్రియ సక్రమంగా పూర్తికాకపోవడమే ఇందుకు మూలం. అధిక శాతం కేసుల్లో నిర్దిష్ట కారణం తెలియదు. గ్రహణం చూసిందనో, ఏదో తిన్నదనో తల్లిని నిందించడంలో అర్థం లేదు.

గుర్తించేదిలా..

మలద్వారం ఉండాల్సిన చోట చర్మం మూసుకుపోయి ఉండవచ్చు. లేదా ముందువైపుగా సన్నని రంధ్రం మాత్రమే కనిపించవచ్చు. మగశిశువుకు మూత్రంలో నల్లని మలం కనిపిస్తే పురీషనాళం మూత్రమార్గంలోకి తెరుచుకుందని అర్థం. ఆడశిశువుల విషయంలో పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉంది. వారిలో పురీషనాళం తరచుగా యోనిద్వారం పక్కనే తెరుచుకుంటుంది. పలుచని విరేచనం అందులోంచే పోతుంటే ఇంట్లోవారికి అనుమానం రాదు. అన్నం పెట్టడం మొదలయ్యాక మలబద్ధకం ముదిరితే గానీ అసలు సంగతి బయటపడదు. మలమూత్రాలు, యోని మూడింటికీ ఒకే రంధ్రం ఉంటే అది క్లోయెకా అనే సంక్లిష్ట లోపం.

శిశువును తీసుకొచ్చిన వెంటనే శస్త్రచికిత్స చేయలేదని బంధువులు ఆందోళన చెందడం కద్దు. అయితే మింగిన గాలి పేగు చివరికి చేరడానికి సమయం పడుతుంది. అందుకే పరిస్థితి నిలకడగా ఉంటే 16 నుంచి 24 గంటలు వేచి చూస్తారు. ఈలోగా పాలు ఆపి, సెలైన్ పెట్టి, ముక్కు గుండా గొట్టం వేసి, ఒళ్లు చల్లబడకుండా చూస్తారు. ఆపై బోర్లా పడుకోబెట్టి పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే పేగు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, అన్నవాహికల్లోనూ లోపాలు తోడయ్యే అవకాశం ఉన్నందున ఎకో, స్కానింగ్ తప్పనిసరి.

చికిత్స

పేగు చివర చర్మానికి దగ్గరగా ఉంటే ఒకే శస్త్రచికిత్సతో ద్వారం ఏర్పరుస్తారు. దూరంగా ఉంటే మూడు దశలు అవసరం. మొదట పొట్టపై పేగును తెరిచి మలం బయటకు పంపే కొలాస్టమీ చేస్తారు. కొన్ని వారాలు లేదా నెలల తర్వాత అసలు ద్వారాన్ని నిర్మిస్తారు. చివరగా పొట్టపై మార్గాన్ని మూసివేస్తారు. రెండో దశకు మెక్సికోలో 1980లో డాక్టర్ ఆల్బర్టో పెనా, డాక్టర్ డివ్రీస్ ప్రవేశపెట్టిన ‘పిసార్ప్’ పద్ధతినే నేటికీ విస్తృతంగా అనుసరిస్తున్నారు.

కుటుంబాలు తడబడేది ఇక్కడే. కొత్త ద్వారం ముడుచుకుపోకుండా శస్త్రచికిత్స జరిగిన రెండు వారాల నుంచి రోజూ రెండుసార్లు లోహపు కడ్డీతో వెడల్పు చేయాలి. ఈ పని తల్లికి నేర్పిస్తారు. బిడ్డ ఏడుస్తోందని కొన్నాళ్లకే మానేస్తే ద్వారం బిగుసుకుపోయి, మళ్లీ కత్తి పడుతుంది. కొలాస్టమీ సంచులు కొనలేనివారు మెత్తని నూలుగుడ్డ చుట్టి, చుట్టూ చర్మానికి జింక్ లేపనం రాస్తే సరిపోతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగానూ కొనసాగుతోంది. పుట్టుకతో వచ్చే లోపాలకు చేసే శస్త్రచికిత్సలు ఈ పథకాల పరిధిలో ఉన్నాయి. ఆసుపత్రిలోని సహాయకుడిని ముందుగా సంప్రదించాలి.

పేగు తక్కువ దూరంలో ఆగిన పిల్లల్లో అత్యధికులకు మలంపై పట్టు వస్తుంది, మలబద్ధకం మాత్రం వేధిస్తుంది. ఎత్తున ఆగినవారికి, వెన్నుపూస చివరి భాగం సరిగా ఎదగనివారికి పట్టు రావడం కష్టం. అలాంటి పిల్లలకు రోజూ నిర్ణీత వేళ ఎనిమా ఇచ్చి పేగును శుభ్రం చేసే పద్ధతి ఉంది. మూడేళ్లు దాటాక, బడిలో చేర్చేలోపు దీన్ని అలవాటు చేస్తే తరగతి గదిలో బట్టలు పాడవకుండా మిగతా పిల్లలతో కూర్చోగలుగుతారు.