ఇల్లు అడిగినవారి పేరు

మా మదరసాలో చదువుకుని ఇప్పుడు నగరంలో ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు రంజాన్‌కు ముందు అద్దె ఇంటి కోసం నెలరోజులు తిరిగాడు. ఫోన్‌లో అద్దె, అడ్వాన్సు అన్నీ కుదిరేవి. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశాం" అనేవారు. "ఉస్తాద్, దీనికి చట్టం లేదా?" అని అతడు నన్నడిగాడు.

చట్టం కొంతవరకే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ప్రభుత్వం వివక్ష చూపరాదంటుంది. కనుక ప్రభుత్వ గృహ పథకాలలో అన్యాయం జరిగితే 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. 15వ అధికరణమే దుకాణాలు, భోజనశాలలు, బావుల విషయంలో సామాన్య పౌరులనూ కట్టడి చేస్తుంది. అద్దె ఇంటి పేరు మాత్రం ఎత్తదు.

అంటరానితనం పేరిట నివాసానికి అడ్డుపడితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇల్లు కొనడంలో, అద్దెకు తీసుకోవడంలో వివక్షను 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఆయా వర్గాల విషయంలో నిషేధించాయి. మతం కారణంగా ఇల్లు నిరాకరించే యజమానిని నిలదీసే అటువంటి కేంద్ర చట్టం లేదు. పైగా 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన ఒక గృహనిర్మాణ సహకార సంఘం నిబంధనను సమర్థించింది. సమాన అవకాశాల కమిషన్ కావాలని 2006లో సచార్ కమిటీ చేసిన సిఫారసు చట్టరూపం దాల్చలేదు. అమెరికాలోనైతే 1968 నుంచే మతవివక్షను నిషేధించే గృహచట్టం ఉంది.

ఇదంతా శిష్యునికి వివరిస్తుండగా నా నాలుక తడబడింది. రెండేళ్ల క్రితం మా మేడమీది వాటా అడిగిన ఒక హిందూ ఉద్యోగితో "మా బంధువులు వస్తున్నారు" అన్నాను. ఏ బంధువూ రావడం లేదు. నేనన్న మాటకూ, నా శిష్యుడు విన్న మాటకూ తేడా ఏముంది?

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 36వ ఆయత్‌లో బంధువైన పొరుగువానితో పాటు పరాయివాడైన పొరుగువాని పట్ల కూడా సద్వర్తన ఆదేశించబడింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను జబహ్ చేసినప్పుడు, యూదు పొరుగువారికి మాంసం పంపారా అని ఆయన ఇంటివారిని అడిగారు. పొరుగువారి విషయంలో దైవప్రవక్త (సఅసం) చేసిన తాకీదే అందుకు కారణమని చెప్పారు.

చట్టం కోసం మనం అడగవలసిందే. అడిగే నోటికి ముందు నిజాయితీ కావాలి. మా మేడమీది వాటా వచ్చే నెల ఖాళీ అవుతోంది. ఈసారి పేరు అడిగేది అద్దె పత్రంలో రాసుకోవడానికే.