మిషిగన్ వెలుగులు, చిత్తడి వాయువు

1966 మార్చి నెల మధ్యలో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు దక్షిణ ప్రాంతంలో, ముఖ్యంగా వాష్టెనా కౌంటీ పరిసరాల్లో, రాత్రివేళ ఆకాశంలో వింత వెలుగులు కనిపిస్తున్నాయని సామాన్య పౌరులే కాక గస్తీ తిరిగే పోలీసులు కూడా వరసగా చెప్పసాగారు. మార్చి 20న డెక్స్టర్ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు కుటుంబం, చిత్తడి నేల మీద వెలుగుతున్న వస్తువును చూశామని చెప్పగా, మర్నాటి రాత్రి హిల్స్‌డేల్ కళాశాల వసతిగృహం నుంచి 80 మందికి పైగా విద్యార్థినులు, వారితో పాటు ఆ కౌంటీ పౌర రక్షణ అధికారి, అటువంటి వెలుగులనే చాలాసేపు గమనించారు. ఒకే ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే ఇన్ని యూఎఫ్‌ఓలు, అంటే చూసినవారికి ఏమిటో అంతుపట్టని ఎగిరే వస్తువులు, కనబడినట్టు వార్తలు రావడాన్ని పరిశోధకులు వెల్లువగా వ్యవహరిస్తారు. మొదటి వార్త వెలువడగానే ఎందరో ఆకాశం వైపు చూడటం మొదలుపెడతారు కనుక, వెల్లువకు వార్తలే కొంత బలమిస్తాయి.

ఇటువంటి సమాచారాన్ని అప్పట్లో పరిశీలించినది అమెరికా వైమానిక దళం 1952లో ప్రారంభించిన ప్రాజెక్ట్ బ్లూ బుక్ కాగా, దానికి శాస్త్ర సలహాదారుగా ఉన్నవారు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్. ఆయన మిషిగన్ వెళ్లి సాక్షులతో మాట్లాడి, మార్చి 25న డెట్రాయిట్‌లో విలేఖరుల సమావేశం జరిపి, డెక్స్టర్, హిల్స్‌డేల్‌లలో కనిపించినవి చిత్తడి వాయువు వల్ల పుట్టిన వెలుగులు కావచ్చునని ప్రకటించారు. నీటి అడుగున గాలి తగలకుండా కుళ్లే ఆకులు, గడ్డి నుంచి ప్రధానంగా మీథేన్ పుడుతుంది. చలికాలమంతా మంచు కింద చిక్కుకున్న ఈ వాయువు, మంచు కరిగే వేళ పైకి వచ్చి, ఫాస్ఫరస్ సమ్మేళనాల తోడుతో దానంతటదే అంటుకుని, నేలకు కొద్ది ఎత్తున నీలి, పసుపు రంగుల్లో మెరిసి ఆరిపోతుందన్నది ఈ వివరణ సారాంశం. తెలుగు పల్లెల్లో కొరివిదెయ్యాలుగా పేరుపడిన మంటలకు కూడా సాధారణంగా చెప్పే కారణం ఇదే.

తన మాట ఆ రెండు సంఘటనలకే పరిమితమని, అదే పూర్తి వివరణ అని నిరూపించలేనని హైనెక్ స్పష్టంగానే చెప్పినా, ఆ జాగ్రత్త పత్రికల శీర్షికల్లోకి ఎక్కలేదు. చిత్తడి వాయువు అన్న రెండు మాటలే దేశమంతా పాకి, వ్యంగ్యచిత్రాలకు వస్తువై, నిజాయితీగా తాము చూసినది చెప్పిన రైతులను, విద్యార్థినులను, పోలీసులను నవ్వులపాలు చేశాయి. మిషిగన్ వెల్లువలో అసలైన నష్టం ఇదే. చీకట్లో తెలియని వెలుగు ఎంత దూరాన ఉందో, ఎంత పెద్దదో కంటితో అంచనా వేయడం ఎవరికైనా కష్టమే కాబట్టి సాక్షి పొరబడటం సహజం. కానీ పొరబడిన సాక్షిని అవమానిస్తే, తర్వాత చూసేవాడు నోరు విప్పడు, పరిశోధనకు ఆధారమే లేకుండా పోతుంది.

అదే రాష్ట్రానికి చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు, తర్వాతి కాలంలో అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్, ప్రజలకు ఇంతకంటె మేలైన సమాధానం దక్కాలని పట్టుబట్టడంతో, ఏప్రిల్ 5న సభా సంఘం ఎదుట విచారణ జరిగింది. అదే సంవత్సరం కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వాన స్వతంత్ర అధ్యయనం ఏర్పడింది. విస్తృత పరిశోధన కొనసాగించినా విజ్ఞానానికి ఒరిగేది ఉండకపోవచ్చునని ఆ బృందం తేల్చగా, వైమానిక దళం 1969 డిసెంబరులో బ్లూ బుక్‌ను ముగించింది. అప్పటికి నమోదైన 12,618 సంఘటనల్లో 701కి కారణం తేలలేదు. వీటిని గ్రహాంతరవాసుల రాకకు రుజువుగా భావించడం ఎంత తొందరపాటో, పనికిరానివిగా కొట్టిపారేయడం అంతే తొందరపాటు.

హైనెక్ మాత్రం యూఎఫ్‌ఓల పరిశోధనను వదిలిపెట్టలేదు. 1972లో వెలువరించిన గ్రంథంలో సాక్ష్యాలను దూరాన్ని బట్టి, స్వభావాన్ని బట్టి వర్గీకరించి, మరుసటి ఏడాది స్వయంగా ఒక అధ్యయన కేంద్రాన్ని స్థాపించారు. నాసా నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం కూడా 2023 నాటి నివేదికలో, నమ్మదగిన కొలతలు కొరవడటాన్ని ప్రధాన లోపంగా గుర్తించడంతో పాటు, ఎగతాళికి జంకి చూసినవారు చెప్పకుండా ఉండిపోయే పరిస్థితి పోవాలని సూచించింది.