శొంఠి రొట్టెల బొమ్మరిల్లు

బొమ్మరిల్లు కట్టుట పిల్లలకు మిక్కిలి ప్రియమైన ఆట. మన పిల్లలు ఇసుకతో కట్టుకొను బొమ్మరింటిని ఐరోపాలోని పిల్లలు క్రిస్మసు దినములలో శొంఠి కలిపిన తీపిరొట్టెలతో కట్టుదురు. 1812వ సంవత్సరమున గ్రిమ్ సోదరులు ప్రకటించిన జర్మను కథలలో ఒకదానియందు, అడవిలో దారి తప్పిన అన్నాచెల్లెండ్రకు రొట్టె గోడలును, పంచదార కిటికీలును గల యిల్లు కనబడును. 1954 వరకు యానామును పాలించిన ఫ్రెంచివారికిని సుగంధపు రొట్టె సుపరిచితమే. వారి దీజోన్ నగరము దానికి ప్రసిద్ధి.

పేరు విదేశీయమైనను సంబారములు మనవే. శొంఠి మలబారు తీరమునుండియు, దాల్చినచెక్క సింహళమునుండియు ఓడలపై ఐరోపాకు చేరినవి. కావున అడవిపొలములోని మన వంటిండ్లలో దీనిని చేసికొనుటకు సంకోచింప బనిలేదు.

మైదాపిండి 250 గ్రాములు, బెల్లము 125 గ్రాములు, వెన్న 65 గ్రాములు, శొంఠిపొడి 2 చెంచాలు, దాల్చినచెక్క పొడి 1 చెంచా, లవంగపు పొడి పావుచెంచా, తినుసోడా చిటికెడు కావలెను. బెల్లమును 3 పెద్దచెంచాల నీటిలో కరగించి, వడగట్టి, వెన్న కలిపి చల్లార్చవలెను. తక్కినవన్నియు చేర్చి ముద్దచేసి, ఒక గంట చల్లని చోట నుంచవలెను.

ముందుగా అట్టముక్కలతో కొలతలు సిద్ధపరుపుడు. ప్రక్కగోడలు రెండు, 4 అంగుళముల పొడవు, 3 అంగుళముల ఎత్తు. ముందువెనుక గోడలు రెండు, 3 అంగుళముల వెడల్పు. వీని ఎత్తు చూరు వద్ద 3, కొప్పు వద్ద నాలుగున్నర అంగుళములు. కప్పుపలకలు రెండు, 5 అంగుళముల పొడవు, 3 అంగుళముల వెడల్పు. పిండిని పావంగుళపు మందమున వత్తి, అట్టల ననుసరించి కోసి, 175 డిగ్రీల వేడిలో సుమారు 15 నిమిషములు కాల్చవలెను. ఓవెను లేనివారు మందపు గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి, బాగుగా వేడెక్కిన పిదప ఇసుకపై చిన్న పీట నుంచి, దానిమీద పళ్లెము పెట్టి కాల్చవచ్చును. రొట్టెలు వేడిగా నున్నప్పుడే అంచులను మరల సరిగా కోసి, రాత్రియంతయు ఆరనీయవలెను. మెత్తని గోడలు కప్పు బరువును మోయజాలవు.

గోడలనంటించుటకు పంచదార ముదురుపాకమే సున్నము. పాకపు బొట్టును చన్నీటిలో వేసినచో టక్కున విరుగవలెను. ఇది చేతిని తీవ్రముగా కాల్చును గనుక ఈ పని పెద్దలే చేయవలెను. గోడలు గట్టిపడిన పిదపనే కప్పు వేయవలెను.

అలంకారము పిల్లలది. పంచదారపొడిని కొన్ని చుక్కల పాలతో చిక్కగా కలిపి, కాగితపు పొట్లములో పోసి, కొన కత్తిరించినచో కప్పుమీద ముగ్గువేయవచ్చును. జీడిపప్పు పెంకులు, కొబ్బరికోరు గడ్డి, వాకిట పంచదార చిలుకలు అమర్చవచ్చును. గోదావరి ముఖద్వారమునకు సమీపమైన మన యూరి తేమగాలికి రొట్టె త్వరగా మెత్తబడును; కావున మూతగల డబ్బాలో దాచి, వారములోపల తినివేయుట మేలు. చూచుటకు బయట నుంచినప్పుడు, నీరు పోసిన పళ్లెము నడుమ గిన్నె బోర్లించి, దానిపై నిలిపినచో చీమలు చేరవు.

తల్లిదండ్రులారా! దీనియందు రుచికంటె మించిన లాభ మొకటి కలదు. తమిళము ప్రధానమైన పుదుచ్చేరి పాలనలో మన తెలుగు పట్టణ మొక చిన్న ద్వీపము వంటిది. చదువు ఇంగ్లీషున సాగు పిల్లలు వాల్, రూఫ్, డోర్ అందురు గాని చూరు, దూలము, గడప, ద్వారబంధము, వసారా అను మాటలు వారి నోట అరుదుగా వినబడును. ఈ యిల్లు కట్టునప్పుడు ప్రతి భాగమునకు దాని తెలుగుపేరు చెప్పి, పిల్లలచేత చెప్పింపుడు. పుస్తకములో వల్లించిన మాట మరపునకు వచ్చును గాని, చేతితో నిలిపిన గడప పేరు మరపునకు రాదు. బొమ్మరిల్లు వారము దినములలో తినబడును. ఆ మాటలు మాత్రము మన పిల్లలకు దక్కును.